హ్యాపీ పాండా వ్యాసాలు

ముందే ఒకటి ఒప్పేసుకుంటాను. ఈ కథ చెప్పేటప్పుడు నేను తటస్థంగా ఉండను. క్షమించడం గొప్ప గుణమని చెప్పే కథలు బజార్లో బోలెడు దొరుకుతాయి, వెళ్ళి కొనుక్కోండి. ఇది పగ తీర్చుకున్న ఒక అమ్మాయి కథ. నాకు ఆ అమ్మాయంటే ఇష్టం, ఆ పగంటే ఇంకా ఇష్టం. ఇంకో సంగతి కూడా దాచను. ఇది గూఢచారి కథే కానీ ఇందులో తుపాకీ పేలదు. ఆయుధం మౌస్. అది కూడా తీగ ఉన్న మౌస్, ఎందుకంటే ఇది 2006.

ఇక పదండి, దుబాయ్.

కరామాలో ఒక టైపింగ్ సెంటర్. వీసా ఫారాలు, లేబర్ కార్డు దరఖాస్తులు అరబిక్‌లో కొట్టిచ్చే ఇరుకు కొట్టు. బయట ఎండ పెనంలా కాలుతుంటే లోపల ఏసీ చలికి స్వెట్టర్ వేసుకుని కూర్చునే పెద్దమనిషి పేరు వేణుగోపాలరావు. వరంగల్ మనిషి. కస్టమర్లకి ఆయన ముదీర్ సాబ్, అంటే మేనేజర్ గారు. ఢిల్లీలో పేరు లేని ఒక ఇంటెలిజెన్స్ విభాగానికి మాత్రం ఆయన గల్ఫ్ చీఫ్.

గళ్ళ దుపట్టా కప్పుకున్న అమ్మాయి కౌంటర్ ముందుకొచ్చి, "నా కఫీల్‌కి కోపమొచ్చింది సార్" అంది.

"ఏ కఫీల్‌కి రాలే?" అన్నాడాయన తలెత్తకుండా.

కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని, అంతే. కానీ కోడ్ సరిపోయింది. వెనక గది తలుపు తెరుచుకుంది.

ఆ అమ్మాయి తహ్మీనా. ప్రొద్దుటూరు పిల్ల, ఎంసీఏ. పైకి దేరాలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లిష్ టీచర్. ఆ సెంటర్‌కి ఒక వెబ్‌సైట్ ఉంది. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ళు తమ వ్యాసాలు అందులో పెడితే తహ్మీనా తప్పులు దిద్ది పెడుతుంది. ఆ సైట్‌కి మోడరేటర్ ఆమే. రాసేవాళ్ళలో ఎక్కువమంది చైనావాళ్ళు. దుబాయ్ అంతటిలో ఎవరూ చదవని సరుకు ఏదైనా ఉందంటే అది అదే.

"షాహుల్‌ని చంపినోళ్ళు మళ్ళ మొదలుపెట్టిన్రు బిడ్డా" అన్నాడు వేణుగోపాలరావు.

షాహుల్ తహ్మీనా సొంత అన్న, ఆమె కంటే ముందే ఈ పనిలోకి వచ్చినవాడు. నిరుడు ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో దాక్కుని ఉండగా ఎవరో బయటినుంచి షట్టర్ దించి, తాళం వేసి, నిప్పు పెట్టారు. షార్ట్ సర్క్యూట్ అని లోకం నమ్మింది. తహ్మీనా నమ్మలేదు. షార్ట్ సర్క్యూట్‌కి తాళం వెయ్యడం రాదు కదా.

చేయించినవాడు ‘ప్రొఫెసర్’. ఏ దేశం పాస్‌పోర్టు జేబులో ఉంటే ఆ దేశంవాడు. జనరేటర్ల పెట్టెల్లో మిసైల్ విడిభాగాలు దాటించి అమ్మే ముఠాకి నాయకుడు. వాడి ముఖం దగ్గర్నుంచి చూసి బతికున్నవాడు ఒక్కడే, ఆ పెట్టెలకి వెల్డింగ్ చేసిన నెల్లూరు ఇమామ్ హుస్సేన్. అతన్ని ఇప్పుడు సజ్జాలో ఒక లేబర్ క్యాంపులో మారుపేరుతో దాచారు, ఏ క్యాంపో తహ్మీనాకి ఒక్కదానికే తెలుసు. శుక్రవారం షార్జా నుంచి విమానం ఎక్కించాలి. ఎక్కి సాక్ష్యం చెబితే ప్రొఫెసర్ ఖలాస్. ఈలోపు దొరికితే ఇమామ్ హుస్సేన్ ఖలాస్.

"వాళ్ళు మాట్లాడుకునేది యాడనో ఎరికేనా? నీ సైట్ల. హ్యాపీ పాండా అని ఒకడు వ్యాసాలు పెడ్తున్నడు" అన్నాడాయన. "ఢిల్లీల పీహెచ్‌డీలు బుర్రలు బద్దలుకొట్టుకుంటున్నరు. ‘సమాజం వేగంగా అభివృద్ధి చెందుతున్న ఈ రోజుల్లో’ అంటే ఓడ బయల్దేరిందని ఒకడంటడు. ‘ప్రతి నాణేనికీ రెండు వైపులుంటాయి’ అంటే డబుల్ ఏజెంట్ అని ఇంకొకడంటడు."

తహ్మీనా నవ్వింది. "అయ్యో సార్, నా దగ్గర చదివే చైనావాళ్ళంతా ఆ ముక్కలే రాస్తారు. కుక్క మీద రాసినా అదే, ఫోన్ మీద రాసినా అదే. వాళ్ళందరూ గూఢచారులైతే నేను జీతం చాలదని ఎప్పుడో అడిగేదాన్ని."

అంతలో తలుపు దగ్గరికి అత్తరు వాసన వచ్చింది. దాని వెనకాలే చరణ్‌తేజ్ వచ్చాడు. విభాగంలో మూడో మనిషి, షాహుల్‌కి పార్ట్‌నర్. విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో ర్యాంకర్. నల్ల కళ్ళద్దాలు, జెల్ పెట్టిన జుట్టు, కెమెరా దాచిన కార్ తాళం. అతను నడిచొస్తుంటే మాల్‌లో సేల్స్‌గర్ల్స్ డిస్కౌంట్లు వాళ్ళంతట వాళ్ళే చెప్పేస్తారు. షాహుల్ జనాజా దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చింది కూడా అతనే.

"ఏంటి తహ్మీ, చిక్కిపోయావ్? శుక్రవారం అయిపోనీ, నిన్ను మెరీనాలో డిన్నర్‌కి తీసుకెళ్తా."

"ముందు శుక్రవారం కానియ్యప్పా" అంది తహ్మీనా.

*

డ్రాగన్ మార్ట్‌లో మేడమ్ లియూకి ప్లాస్టిక్ పూల హోల్‌సేల్ దుకాణం ఉంది. మనిషి గట్టి బేరగత్తె. కెనడా వెళ్ళడానికి ఇంగ్లిష్ పరీక్ష రాయాలని తహ్మీనా దగ్గర ట్యూషన్ చెప్పించుకుంటోంది. ఆ సాయంత్రం ‘మా ఊరు’ అని వ్యాసం రాసి ఇచ్చింది.

సమాజం వేగంగా అభివృద్ధి చెందుతున్న ఈ రోజుల్లో మా ఊళ్ళో గొప్ప మార్పులు వచ్చాయి. అందరికీ తెలిసినట్టుగా ప్రతి నాణేనికీ రెండు వైపులుంటాయి. అన్ని వర్గాల ప్రజలూ చేయీ చేయీ కలిపితే భవిష్యత్తు ఉజ్వలంగా ఉంటుంది.

"మేడమ్, ఊరి పేరేది? అక్కడేం పండుతుంది? నది ఉందా, కొండ ఉందా?"

లియూ ఆమెని జాలిగా చూసింది. "ఊరి పేరు రాస్తే తప్పు పోతుంది టీచర్. పంట పేరు రాస్తే ఇంకో తప్పు. ఈ వాక్యాలు బడిలో బట్టీ పట్టించారు. వీటిల్లో తప్పుండదు. మా పరీక్షలో తప్పుకి మార్కు కోస్తారు, ఖాళీకి కోయరు."

తహ్మీనా పెన్ను పక్కన పెట్టింది. తను మాత్రం? పదో తరగతిలో ఏ వ్యాసమిచ్చినా "భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం, రైతే దేశానికి వెన్నెముక" అని మొదలెట్టలేదూ? విమానం మీద వ్యాసమిచ్చినా రైతు వచ్చి వెన్నెముకలా నిలబడేవాడు.

"ఇదిగో, ఇలా అనుకో" లియూ ఒక అట్టపెట్టె విప్పి చూపించింది. "పూలకుండీ పగలకుండా చుట్టూ థర్మాకోల్ కూరుతాం. కొనేవాడు థర్మాకోల్ వంక చూస్తాడా?"

తహ్మీనా ఒక తెల్లటి ముక్క తీసి చేతిలో తూచి చూసింది.

పీహెచ్‌డీలు ఇన్నాళ్ళూ థర్మాకోల్ తూకం వేస్తున్నారు!

అక్కడే అట్టపెట్టె మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. హ్యాపీ పాండా పాత వ్యాసాలు ఒక్కొక్కటే తీసి, బట్టీ వాక్యాలు కొట్టేస్తూ పోయింది. సమాజం పోయింది, నాణెం పోయింది, ఉజ్వల భవిష్యత్తు పోయింది. ఏ వ్యాసంలో అయినా చివరికి ఒకటో రెండో వాక్యాలు మిగిలాయి. నిరుడు షాహుల్ పోవడానికి ముందు వచ్చిన ‘మా మేనమామ’ వ్యాసంలో మిగిలింది ఇది:

మా మేనమామకి ముసఫ్ఫాలో నీలం షట్టర్ గ్యారేజీ ఉంది. పక్కన టైర్ల కొట్టు. మంగళవారం మధ్యాహ్నం ఆయన ఒక్కడే ఉంటాడు.

షాహుల్‌ని దాచిన గ్యారేజీ షట్టర్ నీలం రంగుది.

లియూ భుజం మీంచి తొంగిచూసింది. "ఇది మావాళ్ళు రాసింది కాదు. గ్యారేజీ రంగు రాస్తే మార్కులెవరిస్తారు? పైగా మధ్యలో ఈ చిన్న చిన్న టైటిల్స్ ఏంటి? మేం ఇలా రాయం."

తహ్మీనా అప్పుడు చూసింది. ఎన్నిసార్లో చదివింది కానీ చూడలేదు. తనకి అలవాటైన సంగతి కాబట్టి కంటికి ఆనలేదు. ఇంట్రడక్షన్, కింద గీత. మెరిట్స్, కింద గీత. డీమెరిట్స్, కింద గీత. కన్‌క్లూజన్, కింద గీత.

సైడ్ హెడ్డింగులు! మేనమామకి కూడా మెరిట్సూ డీమెరిట్సూ రాసేవాడు ఎక్కడ పుడతాడో తహ్మీనాకి చెప్పక్కర్లేదు. సైడ్ హెడ్డింగ్ పెట్టి గీత కొడితేనే పేపర్ దిద్దే సారు కళ్ళకి ఆనుతుందని కొట్టి మరీ నేర్పుతారు మన బళ్ళలో. ఆ చేయి చైనావాడి వేషం వేసింది, చైనావాడి మాటలు అప్పు తెచ్చుకుంది, కానీ గీత కొట్టకుండా ఉండలేకపోయింది.

అన్నని అమ్మినవాడు తెలుగువాడు. ఆ గ్యారేజీ సంగతి తెలిసిన తెలుగువాళ్ళు ముగ్గురు. తను కాదు. ఇక మిగిలింది వేణుగోపాలరావు, చరణ్‌తేజ్.

*

మర్నాడు ఆమె రెండు అబద్ధాలు ఆడింది.

టైపింగ్ సెంటర్‌లో వేణుగోపాలరావుతో, "శుక్రవారం ఇమామ్ హుస్సేన్ చాచాని అంబులెన్స్‌లో ముసఫ్ఫాకి మారుస్తాం సార్. ప్లాన్ మారింది" అంది. ఆయన మీద అనుమానపడటం ఆమెకి ఇష్టం లేదు. అయినా పడింది.

సాయంత్రం చరణ్‌తేజ్ కారులో షవర్మా తింటూ, "అల్ ఖూజ్‌లో పచ్చ గేటు గోడౌన్ ఉందే, శుక్రవారం నమాజ్ టైములో చాచా అందులో ఉంటాడు. ఎవరితో అనొద్దు, సార్‌కి కూడా చెప్పలే" అంది.

"నా మీద అంత నమ్మకమా తహ్మీ?" అద్దాలు తీసి, కళ్ళలోకి చూసి మరీ అడిగాడు.

"మా అన్న నమ్మినాడు కదా."

అతను ఆమె చేతిలోని షవర్మా కాగితం తీసుకుని, మర్యాదగా మడిచి, డస్ట్‌బిన్‌లో వేసొచ్చాడు. అంత సంస్కారం.

మరుసటి రోజు హ్యాపీ పాండా కొత్త వ్యాసం పెట్టాడు. ‘మా తాతయ్య’. అభివృద్ధి చెందుతున్న సమాజం, రెండు వైపుల నాణెం, మెరిట్స్ ఆఫ్ గ్రాండ్‌ఫాదర్. నడిమధ్యన, చైనాలో పుట్టిపెరిగిన ఆ తాతయ్యకి అల్ ఖూజ్‌లో పచ్చ గేటు గోడౌన్ ఉంది. శుక్రవారం నమాజ్ వేళ ఆయన అక్కడ ఒక్కడే ఉంటాడు.

తహ్మీనా ఏడవలేదు. లాప్‌టాప్ మూసి నేరుగా కరామా వెళ్ళింది.

"సార్, నేను మిమ్మల్ని అనుమానించినా. మాఫ్ చెయ్యండి."

"అనుమానించకపోతే నీకు ట్రైనింగిచ్చుడే దండుగ" అన్నాడు వేణుగోపాలరావు. విషయమంతా విన్నాక స్వెట్టర్ గుండీలు విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇప్పుడే పోయి వాన్ని పట్కస్త."

"వద్దు సార్. ఇప్పుడు పట్టుకుంటే ప్రొఫెసర్ జారుకుంటాడు. తన ముఖం చూసినోణ్ణి గుర్తుపట్టాలంటే వాడే రావాలి, శుక్రవారం నడుచుకుంటా పచ్చ గేటులోకి వస్తాడు. లోపల పోలీసులు ఉండేట్టు మీరు చూడండి. చరణ్ సంగతి నాకొదిలేయండి."

"ఇది పగనా, పనా?"

"రెండూ ఒకే బస్సులో పోతాండాయి సార్."

*

శుక్రవారం మధ్యాహ్నం. షార్జా, రోలా. నమాజ్ వేళ కాబట్టి వీధంతా కొట్లు మూసేశారు. ఇంటర్నెట్ కేఫ్ మలబారు ఓనర్ షట్టర్ సగం దించి, "నేనొచ్చేదాకా బయటికి రాకండి, లైటు వెయ్యకండి" అని మసీదుకి పోయాడు. లోపల ఇద్దరే. ప్లైవుడ్ చెక్కకి ఇటు తహ్మీనా, అటు చరణ్‌తేజ్. ‘హ్యాపీ పాండా ఏమైనా పెడతాడేమో, ఇద్దరం కాపలా కాద్దాం రా’ అని పిలిచింది ఆమే. పని జరిగేటప్పుడు పక్కనే ఉంటే రేపు తన మీద అనుమానం రాదని సంతోషంగా వచ్చాడు అతను.

తహ్మీనా తెర మీద మోడరేటర్ పేజీ. సర్వర్ లాగ్స్‌లో ఆమె ఒకటి గమనించింది. ముఠా ఏ పని చేసినా, సరిగ్గా దానిముందు ఎవరో ఒక నోకియా కమ్యూనికేటర్ ఫోన్ నుంచి సైట్ తెరిచి చూస్తారు. ఫోన్‌లో మాట్లాడటం వాళ్ళకి నిషేధం. చరణ్‌తేజ్ దగ్గర ప్రొఫెసర్ నంబర్ కూడా లేదు. చివరి మాట సైట్‌లోనే. అంటే ఇంకాసేపట్లో ప్రొఫెసర్ పచ్చ గేటు ముందు నిలబడి చూస్తాడు. పైన తాతయ్య వ్యాసమే కనపడితే లోపలికి నడుస్తాడు.

అప్పుడు ఆమె ఫోన్ మోగింది. కట్ చేయబోయి, వేలు జారి ఎత్తింది.

జీవితమంతా గ్రైండర్ల మధ్య వెల్డింగ్ చేసినవాడికి ఫోన్‌లో మెల్లగా మాట్లాడటం రాదు. ఇమామ్ హుస్సేన్ గొంతు కేఫంతా మోగింది.

"అమ్మా తహ్మీనా! షార్జా ఎయిర్‌పోర్టులోకి వచ్చేసినామ్మా! ఆ చైనామ్మ నన్ను బండిలో కూలేసి పైన ప్లాస్టిక్ పూలు పోసిందిమ్మా! ఒకటే తుమ్ములు! మసీదు పందిరిలో పెళ్ళికొడుకు మాదిరి వచ్చినా!"

తహ్మీనా ఫోన్ నొక్కేసింది.

ప్లైవుడ్ అవతల మౌస్ చప్పుడు ఆగింది. అత్తరు వాసన మాత్రం అలాగే ఉంది. తర్వాత కీబోర్డు మీద వాన మొదలైంది.

తెర మీద కొత్త వ్యాసం. ‘మా తాతయ్య ఇంట్లో లేడు’. సమాజం వేగంగా అభివృద్ధి చెందుతున్న ఈ రోజుల్లో ప్రణాళికలు మారుతుంటాయి. ఇంట్రడక్షన్, కింద గీత.

ఆమె ‘హోల్డ్’ నొక్కింది. అవతల అతని తెర మీద సైట్ తన మర్యాద తాను చేసింది: మీ వ్యాసం దిద్దుబాటులో ఉంది, దయచేసి వేచి ఉండండి.

"ఛ!" అన్నాడు చరణ్‌తేజ్.

"ఏమైందప్పా?"

"ఏం లేదు తహ్మీ. నెట్ స్లో."

మళ్ళీ వాన. ఈసారి వ్యాసం సగానికి తగ్గింది. నాణెం లేదు, గీతలు లేవు. హోల్డ్. మళ్ళీ. హోల్డ్. నాలుగోసారి పేజీ వేలాడింది. ఆమె నొక్కింది, ఏమీ జరగలేదు. రోలా ఇంటర్నెట్ శుక్రవారం మధ్యాహ్నం నిద్రపోతుంది కాబోలు. వ్యాసం సైట్ పైభాగాన, లోకమంతటికీ కనపడేలా నిలబడింది. దాంట్లో మూడే ముక్కలు. రావద్దు. ఇది వల.

చరణ్‌తేజ్ జీవితంలో మొదటిసారి సూటిగా రాశాడు.

తహ్మీనా మౌస్ వదిలేసి కీబోర్డు మీదే డిలీట్ కొట్టింది. గిరగిరా తిరుగుతున్న గుర్తు ఆగింది. వ్యాసం మాయమైంది. పైన తాతయ్య, మెరిట్స్‌తో సహా. ఆ వెంటనే లాగ్స్‌లో కొత్త వరస పడింది. నోకియా కమ్యూనికేటర్, పేజీ తెరిచారు. పేజీ మూశారు.

ఫోన్‌లో వేణుగోపాలరావు మెసేజ్ వచ్చింది. ఒకే మాట. ఖలాస్.

ఆమె లేచి నిలబడి ప్లైవుడ్ మీద మోచేతులు ఆనించి కిందికి చూసింది.

"నీ ఎస్సే రిజెక్ట్ అయింది చరణ్."

అతను తలెత్తాడు. జెల్ జుట్టు చెమటకి నుదుటికి అంటుకుంది. నల్లద్దాల కోసం చేయి వెతికింది.

"తహ్మీ, చూడు... ప్రతి విషయానికీ రెండు కోణాలుంటాయి. అప్పటి పరిస్థితులు అలాంటివి. కొన్ని అనివార్య కారణాల వల్ల..."

"తూ! నోటితో కూడా అదే మాట్లాడ్తావేందిరా!"

అతను షట్టర్ వైపు చూశాడు. అది సగమే దించి ఉంది. వంగితే బయటపడొచ్చు.

"పో" అంది తహ్మీనా. "నేను అడ్డం రాను. ఒక్కటి చెప్తా విని పో. పచ్చ గేటు అని రాసింది ఎవరు? హ్యాపీ పాండా. ప్రొఫెసర్ పోలీసుల చేతికి చిక్కింది ఎందుకు? హ్యాపీ పాండా వల్ల. వాని మనుషులు ఇంకా బయట తిరుగుతాండారు. ఈపాటికి వాళ్ళు అనుకుంటాంటారు, పాండా మనల్ని అమ్మేసినాడని. యల్లా, పో."

చరణ్‌తేజ్ రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చి, ఎవరూ చెప్పకుండానే, కుర్చీలో కూర్చున్నాడు.

"నన్ను అరెస్ట్ చెయ్యి తహ్మీ."

"తహ్మీ ఎవరు?"

"తహ్మీనా గారూ... ప్లీజ్ అండీ. అరెస్ట్ చెయ్యండి."

"సార్‌ని అడిగి చెప్తా" అని ఆమె తీరిగ్గా కుర్చీ జరుపుకుంది. బయట నమాజ్ ఇంకా అవలేదు.

*

టైపింగ్ సెంటర్ వెనక గదిలో చరణ్‌తేజ్‌కి కాగితం, పెన్ను ఇచ్చారు. వాంగ్మూలం రాయమన్నారు. మొదటిసారి అతను రాసింది ఇది: దురదృష్టవశాత్తూ ఒక తప్పిదం జరిగిపోయింది. మిత్రుడు షాహుల్ మరణించడం తీరని లోటు.

తహ్మీనా ఎర్ర పెన్ను తీసింది. ‘జరిగిపోయింది’ కొట్టేసి, ఎవరు చేశారు, అని రాసింది. ‘మరణించడం’ కొట్టేసింది. ‘తీరని లోటు’ మీద పెన్ను కాగితం చిరిగేదాకా నొక్కింది.

"మళ్ళీ రాయి."

రెండోసారి రాశాడు. మళ్ళీ తిప్పి ఇచ్చింది. వేణుగోపాలరావు చాయ్ తెప్పించుకుని తాగాడు, ఇంకోటి తెప్పించుకున్నాడు. గీతల మీద గీతలు పడ్డాయి. కాగితం మీద థర్మాకోల్ తగ్గుతూ వచ్చింది. చివరికి అడుగున ఇది మిగిలింది:

షట్టర్ నేనే దించాను. తాళం నేనే వేశాను. లోపలినుంచి షాహుల్ నన్ను పేరుపెట్టి పిలిచాడు. తలుపు ఇరుక్కుంది, తియ్యరా చరణ్ అన్నాడు. నేను కారెక్కాను.

తహ్మీనా చదివింది. రెండోసారి చదవలేదు. అన్న చివరిమాట దొరికింది. ఆఖరి నిమిషం దాకా అతను వీణ్ణి నమ్మాడు.

చరణ్‌తేజ్ అడిగాడు. "ఇది... చాలా అండీ?"

ఆమె ఇంకో తెల్లకాగితం అతని ముందుకి జరిపింది.

"చాలదు. ఎన్నిసార్లు పిలిచినాడో రాయి."

*

పగ చల్లారిందా అని నన్నడక్కండి, నేను అగ్నిమాపక శాఖ కాదు. ఇమామ్ హుస్సేన్ సాక్ష్యం చెప్పాడు, అది కూడా కోర్టు అదిరేలా. ప్రొఫెసర్ ఏ పాస్‌పోర్టూ పనికిరాని చోట ఉన్నాడు.

ఇక మీ వంతు. మిమ్మల్ని నిలువునా ముంచి, తర్వాత ఎదురుపడితే "ఏదో అలా జరిగిపోయింది, పాతవన్నీ ఎందుకులే" అన్నవాళ్ళు మీకూ ఒకరుంటారు. ఉండకపోతే మీరు ఇంకా ఎవర్నీ నమ్మలేదని అర్థం. ఆ కథ నాకు రాయండి. పేర్లు మార్చండి, నాకు కేసులొద్దు. మిగతావేమీ మార్చొద్దు. వాళ్ళు ఆరోజు ఏం తింటున్నారో, మీ ముఖం చూసి ఎటు తిరిగారో, అన్నీ రాయండి. పగ తీర్చుకున్నవాళ్ళు ముందు రాయండి. క్షమించేసినవాళ్ళు కూడా రాయొచ్చు, తీరిక ఉన్నప్పుడు చదువుతాను.